బోర్ అంటే ఏ పంది? పెంపకందారులు, రైతులు, విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

దేవరకొండ, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, నల్గొండ వైపు పందులు పెంచేవాళ్లు, అడవి పందుల వల్ల పంట పోగొట్టుకునే రైతులు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు 'బోర్' అనే ఇంగ్లిష్ మాట గురించి అడిగే ప్రశ్నలు ఇవి. చిన్న మాటే అయినా బ్యాంకు కాగితంలో, ఇన్సూరెన్స్ ఫారంలో, పందుల అమ్మకం ప్రకటనలో దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటే డబ్బు పోతుంది. అందుకే పశువుల పనికి, పంటకు సంబంధించిన వాటికి కాస్త ఎక్కువ చోటిచ్చాను. మిగతావి క్లుప్తంగా చెప్పాను.

బోర్ అంటే ఏమిటి?

రెండు అర్థాలున్నాయి. మొదటిది పెంపుడు పందులకు సంబంధించినది: విత్తులు తీయని, ఈడుకొచ్చిన మగ పంది. మన దగ్గర పోతు పంది అంటారు, ఊరికే మగ పంది అని కూడా అంటారు. రెండోది అడవి పంది. ఈ రెండో అర్థంలో మగదైనా, ఆడదైనా, పిల్లయినా జాతి మొత్తానికీ అదే పేరు. కాబట్టి బోర్ అనే మాట ఎక్కడ కనబడినా అది ఊరపంది గురించా, అడవి పంది గురించా అన్నది ముందు తేల్చుకోవాలి. చుట్టూ ఉన్న మాటలు చూస్తే తెలిసిపోతుంది. 'బ్రీడింగ్' అనో 'ఫార్మ్' అనో ఉంటే పెంపుడుది. 'వైల్డ్', 'క్రాప్ డ్యామేజ్', 'ఫారెస్ట్' అని ఉంటే అడవిది.

పిగ్, హాగ్, స్వైన్, సో, గిల్ట్... ఇన్ని మాటలెందుకు? తేడా ఏమిటి?

ఎద్దు, ఆవు, ఆబోతు, దూడ, పెయ్య అని మనకు ఉన్నట్టే వాళ్లకు పందుల్లో ఉన్నాయి. పిగ్ అన్నిటికీ పనికొచ్చే మాట. స్వైన్ అనేది వైద్యం, ప్రభుత్వ కాగితాల మాట. అందుకే జబ్బుల పేర్లలో స్వైన్ ఫీవర్ అని కనిపిస్తుంది తప్ప పిగ్ ఫీవర్ అని తక్కువ. హాగ్ అంటే అమెరికాలో మాంసానికి పెంచిన పెద్ద పంది. బ్రిటన్‌లో పాత వాడుక ప్రకారం విత్తులు తీసిన మగ పంది.

ఆడవాటిలో ఒక్క ఈతయినా ఈనినది సో, ఇంకా ఈనని పడుచుది గిల్ట్. మగవాటిలో చిన్నప్పుడే విత్తులు తీసినది బారో, పెద్దయ్యాక తీసినది స్టాగ్, తీయనిది బోర్. పిల్లలు పిగ్‌లెట్లు. పాలు మాన్పించిన పిల్లలు వీనర్లు. ఈనడాన్ని ఫారోయింగ్ అంటారు.

'లిటర్ సైజ్' అనే మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. పాలు కొలిచే లీటరుకూ దీనికీ సంబంధం లేదు. లిటర్ అంటే ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నీ కలిపి. లిటర్ సైజ్ 9 అని రాసి ఉంటే ఆ తల్లి ఒక ఈతలో 9 పిల్లల్ని ఈనిందని అర్థం.

'మేల్ పిగ్' అని రాస్తే సరిపోదా? బోర్ అనే రాయాలా?

మాట్లాడేటప్పుడు సరిపోతుంది. కాగితం మీద సరిపోదు. నిన్న పుట్టిన మగ పిల్ల కూడా మేల్ పిగ్గే, విత్తులు తీసి మాంసానికి మేపుతున్నదీ మేల్ పిగ్గే. ఈ రెండూ మంద పెంచడానికి పనికిరావు. వాటి ధర వేరు, విత్తనపు పోతు ధర వేరు. 'మేల్' అన్న మాట చూసి విత్తనానికని కొనుక్కొచ్చి, ఇంటికొచ్చాక చూసుకుంటే అది బారో అని తేలడం పెంపకంలో కొత్తగా దిగినవాళ్లకు జరిగే నష్టమే.

ప్రభుత్వ పథకాల్లో కూడా ఈ తేడా ఉంటుంది. కేంద్రం నడిపే జాతీయ పశుధన మిషన్ కింద పందుల బ్రీడింగ్ ఫారానికి పెట్టుబడిలో 50 శాతం సబ్సిడీ ఇస్తారు. ఆ ప్రాజెక్టు రిపోర్టులో మందను సోల సంఖ్య, బోర్ల సంఖ్య అని విడివిడిగా రాయాలి. 'పందులు ఇన్ని' అని ఒకే అంకె రాసి ఇస్తే కాగితం తిరిగొస్తుంది. పిల్లల్నీ బారోలనూ బోర్ల లెక్కలో కలిపితే తనిఖీకి వచ్చినప్పుడు లెక్క తప్పుతుంది.

తరతరాలుగా పందుల్ని నమ్ముకుని బతికే ఎరుకల కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. పంది నడక చూసి దాని వయసు, ఎద, రోగం చెప్పగల పెద్దవాళ్లు వాళ్లలో ఉన్నారు. అంత అనుభవం ఉన్న మనిషి నాలుగు ఇంగ్లిష్ మాటల దగ్గర ఆగిపోయి లోనుకు దూరం కావడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఫారం నింపిపెట్టే పిల్లలు ఈ మాటలు తెలుసుకుని ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కో పందీ ఏదో అడిగి రాస్తే ఆ సమస్య తీరుతుంది.

బోర్‌వెల్‌లో ఉన్న బోరూ ఇదీ ఒకటేనా?

కాదు. పలికితే ఒకేలా వినిపిస్తాయి, స్పెల్లింగ్ వేరు. పందికి బి, ఓ, ఏ, ఆర్. మర్రిగూడలోనో కల్వకుర్తిలోనో చెల్కలో వేసే బోరుకు బి, ఓ, ఆర్, ఈ. సినిమా బోరు కొట్టిందన్నా ఈ రెండో స్పెల్లింగే. మన ప్రాంతంలో నీళ్ల బోరు మాట రోజుకు పదిసార్లు నోట్లో నానుతుంది కాబట్టి పంది గురించి రాసేటప్పుడు కూడా చేయి అటే పోతుంది. 'వైల్డ్ బోర్' అని టైపు చేయబోయి నీళ్ల బోరు స్పెల్లింగ్ పెట్టిన దరఖాస్తులు అందుకే వస్తుంటాయి.

ఇంకో రెండు మాటలు కూడా దీనికి దగ్గరగా ఉంటాయి. బోయర్ అనేది దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన మాంసపు మేక జాతి. దాని స్పెల్లింగ్ బి, ఓ, ఈ, ఆర్. కొందరు దాన్నీ 'బోర్ మేక' అనే పలుకుతారు. పశువుల ప్రకటనల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఫోన్ చేసినప్పుడు మేకా, పందా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఇక రెండు ఓలతో రాసే బూర్ అంటే మర్యాద తెలియని మోటు మనిషి. దానికీ పందికీ చుట్టరికం లేదు.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

సందర్భాన్ని బట్టి మారుతుంది. పెంపకంలో అయితే పోతు పంది, మగ పంది, విత్తనపు పోతు. అడవిదైతే అడవి పంది. పూజలో, పురాణంలో వరాహం, సూకరం. పాత కావ్యాల్లో వేట ఘట్టాలు చదివేవాళ్లకు ఏకలము అనే మాట తగులుతుంది. అది బాగా బలిసిన అడవి మగ పంది. సంస్కృతంలో అమరకోశం ఒక్క పందికే కోలము, కిటి, కిరి, పోత్రి, దంష్ట్రి, ఘోణి, క్రోడము, భూదారము అంటూ వరసగా పేర్లు చెబుతుంది. దంష్ట్రి అంటే కోరలున్నది, భూదారము అంటే నేలను చీల్చేది. పల్లి చేనులో రాత్రి పందులు తిరిగి వెళ్లాక పొద్దున చూసిన రైతుకు ఆ చివరి పేరు ఎందుకొచ్చిందో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ప్రకటనల్లో, పశువైద్య కాగితాల్లో 'బోర్' అని తెలుగు లిపిలో రాసేస్తే తప్పేమీ లేదు. సీమ పందులు పెంచేవాళ్లు ఇప్పుడు అలాగే అంటున్నారు.

వైల్డ్ బోర్ అంటే మగ అడవి పంది మాత్రమేనా?

అలా అనుకోవడం సహజం. కానీ జాతి మొత్తానికీ అదే పేరు. ఆడ అడవి పందిని ప్రత్యేకంగా చెప్పాలంటే 'వైల్డ్ బోర్ సో' అంటారు. వినడానికి వింతగా ఉన్నా అది సరైన వాడుకే. ఈ గందరగోళం ఎందుకని మన దేశంలో చట్టం, అటవీ కాగితాలు ఎక్కువగా 'వైల్డ్ పిగ్' అనే రాస్తాయి. రెండూ ఒకటే. శాస్త్రీయ నామం సుస్ స్క్రోఫా. మన దగ్గర తిరిగే ఉపజాతి సుస్ స్క్రోఫా క్రిస్టేటస్. క్రిస్టేటస్ అంటే జూలున్నది. మెడ నుంచి వీపు మీదుగా నిక్కబొడుచుకునే గట్టి వెంట్రుకల వల్ల ఆ పేరు.

ఆడవి, పిల్లలు కలిసి గుంపుగా తిరుగుతాయి. ఆ గుంపును ఇంగ్లిష్‌లో సౌండర్ అంటారు. పోటీ పరీక్షల్లో సమూహ నామాల కింద అడగదగ్గ మాట. ఈడుకొచ్చిన మగది మాత్రం చాలావరకు ఒంటరిగా ఉంటుంది, ఎద కాలంలో గుంపులోకి వస్తుంది. చేలో ఒంటరిగా కనిపించిన పెద్ద పంది మగదయ్యే అవకాశమే ఎక్కువ. దాని జోలికి వెళ్లొద్దు. కింది కోరలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, పై కోరలకు రాసుకుని పదునెక్కుతాయి. భుజాల దగ్గర చర్మం కింద గట్టి పొర ఒకటి డాలులా ఉంటుంది. అందుకే మగవి రెండూ కొట్టుకున్నా ప్రాణం మీదికి రావడం తక్కువ. మనిషికి ఆ డాలు లేదు.

అడవి పందులు పంట పాడు చేస్తున్నాయి. వాటిని చంపవచ్చా?

సొంతంగా చంపకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పందికి రక్షణ ఉంది. 2022లో చట్టాన్ని సవరించాక అది రెండో షెడ్యూలులో ఉంది. అదే చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం ఆ షెడ్యూలులోని జంతువు మనుషుల ప్రాణానికి గానీ, నిలబడి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదంగా మారితే, చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ కాగితం లేకుండా ఉచ్చు పెట్టినా, నాటుబాంబు పెట్టినా, తుపాకీ పేల్చినా కేసే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్లలో ఇది ఇంకా గట్టిగా గుర్తుంచుకోవాలి. పందికి పెట్టిన ఉచ్చులో చిరుత పడితే, పులి పడితే రైతు జీవితం కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది కరెంటు తీగకు. మోటారు స్టార్టరు నుంచో, స్తంభం మీది లైన్ నుంచో నేరుగా తీగ లాగి చేను చుట్టూ కట్టడం నేరం. పందుల కంటే ముందు మనుషులు పోతున్నారు: రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క చేను రైతు, తీగ కట్టిన సంగతి మరిచిన సొంత కొడుకు, మేకల వెంట పోయిన పిల్లవాడు. దయచేసి ఆ పని చేయొద్దు. సోలార్ ఫెన్సింగ్ వేరు. అందులో ఎనర్జైజర్ అనే పెట్టె కరెంటును నిరంతరంగా కాకుండా చిన్న చిన్న విడతలుగా కొడుతుంది. షాక్ తగులుతుంది, ప్రాణం పోదు. తయారుచేసే సంస్థ ఇచ్చిన పెట్టెతోనే అది పనిచేయాలి, దానికి మళ్లీ లైన్ కలపకూడదు.

ఇక ఖర్చు తక్కువ దారులు. పల్లి, మక్క చేల చుట్టూ గట్టున నాలుగు వరసల కుసుమ వేస్తే దాని ముళ్లు పందుల్ని ఆపుతాయి. ఆముదం కూడా గట్టు పంటగా వేస్తారు, దాని వాసన లోపలి పంట వాసనను కప్పేస్తుంది. పంది కన్ను కంటే ముక్కును ఎక్కువ నమ్ముతుంది కాబట్టి వాసన మీద ఆధారపడ్డ పద్ధతులకు కొంత బలం ఉంది. మంగలి షాపు నుంచి తెచ్చిన వెంట్రుకలు గట్టు మీద చల్లుతారు. నేల వాసన చూస్తూ వచ్చే పంది ముక్కులోకి అవి పోయి చికాకు పెడతాయి. వాన పడితే మళ్లీ చల్లాలి. రంగురంగుల పాత చీరలు చుట్టూ కట్టడం మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. ఏదీ ఒక్కటే సీజను మొత్తం పనిచేయదు. పందులు తెలివైనవి, కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి. మార్చి మార్చి వాడాలి. పల్లికి విత్తిన మొదటి రోజులూ కాయ ఊరే రోజులూ, మక్కకు కంకి పాలుపోసుకునే రోజులూ ముఖ్యం. కాపలాకు మనుషులు తక్కువుంటే ఆ రోజులకే శక్తి దాచుకోవాలి.

నష్టం మీద అర్జీ రాసేటప్పుడు ఏ మాట వాడాలి?

తెలుగులో రాస్తే 'అడవి పందులు' అని రాయండి, చాలు. ఇంగ్లిష్‌లో అయితే 'వైల్డ్ పిగ్' అనో 'వైల్డ్ బోర్' అనో రాయాలి. 'పిగ్స్' అని మాత్రమే రాస్తే ఊళ్లో ఎవరో వదిలేసిన పెంపుడు పందులనుకుని అర్జీ పంచాయతీ వైపు పోతుంది. సర్వే నంబరు, పంట, ఎన్ని గుంటలు పోయింది, ఏ తేదీ రాత్రి అన్నవి రాసి, తవ్విన నేల, కాలి గుర్తులు కనిపించేలా పొద్దున్నే ఫొటోలు తీసి జత చేయండి. దున్నాక తీసిన ఫొటో ఎవరికీ ఏమీ చెప్పదు.

అమ్మకం ప్రకటనల్లో ప్రూవెన్ బోర్, టీజర్ బోర్ అంటారు. అవేమిటి?

ప్రూవెన్ బోర్ అంటే ఇప్పటికే ఆడవాటితో దాటించి, అంటే జతకట్టించి, పిల్లలు పుట్టాయని తేలినది. మాట నమ్మకుండా దాని పిల్లల్ని చూపించమనండి. యంగ్ బోర్ అంటే ఈడుకొస్తున్నది, ఇంకా పని మొదలుపెట్టనిది. టీజర్ బోర్ అంటే ఆడవి ఎదకొచ్చాయో లేదో కనిపెట్టడానికి వాటి ముందు నడిపించేది. దానికి తరచూ వేసెక్టమీ, అంటే జతకట్టినా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, చేసి ఉంచుతారు కాబట్టి విత్తనానికని కొంటే మోసపోతారు. టర్మినల్ బోర్ అంటే దాని పిల్లల్ని మాంసానికే పెంచుతారు, మందలో తల్లులుగా ఉంచరు. డ్యూరాక్ లాంటి జాతుల్ని ఎక్కువగా ఇలా వాడతారు. తల్లి మంద కోసం లార్జ్ వైట్ యార్క్‌షైర్, ల్యాండ్రేస్ ఎక్కువ.

కొనేటప్పుడు వెనక నుంచి చూడండి. విత్తులు రెండూ ఒకే సైజులో, స్పష్టంగా కిందికి కనిపించాలి. ఒకటే దిగి ఒకటి లోపల ఉండిపోయిన పోతును కొనొద్దు, ఆ లోపం పిల్లలకూ పోతుంది. బొడ్డు దగ్గర హెర్నియా ఉబ్బు లేకుండా చూడాలి. మగదానికి పొదుగు మొనలు ఎందుకు లెక్కపెట్టాలని అడుగుతారు. లెక్కపెట్టాలి. దాని కూతుళ్లు రేపు తల్లులవుతాయి, కనీసం 12 మొనలు సమానంగా ఉన్న పోతు కూతుళ్లకే పిల్లల్ని సాకే పొదుగు వస్తుంది. కాళ్లు మరీ ముఖ్యం. వెనక కాళ్లు బలహీనమైతే ఎంత మంచి జాతి అయినా ఎక్కలేదు. సిమెంటు గచ్చు మీద నాలుగడుగులు నడిపించి చూడండి.

5, 6 నెలలకే మగది ఎగబడుతుంది కానీ 8 నెలలు దాటాకే పనికి వదలాలి. ఒక పోతుకు 10 నుంచి 15 ఆడవి సరిపోతాయి. కుర్ర పోతును రోజూ వాడితే పట్టుదల తగ్గి, చూలు నిలవడం కూడా తగ్గుతుంది. తన కూతుళ్లతోనే కలవకుండా రెండేళ్లకోసారి పోతును మార్చుకోండి. పక్క ఊరి పెంపకందారుతో మార్పిడి చేసుకుంటే డబ్బు ఖర్చు కూడా ఉండదు. కాకపోతే కొత్తగా వచ్చినదాన్ని కొన్ని వారాలు విడిగా కట్టి, రోగం లేదని తేలాకే మందలో కలపాలి.

బోర్ పక్కన నిలబడితే ఆడ పంది కదలకుండా నిలుస్తుంది. ఎందుకు?

మగదాని నోట్లోంచి కారే తెల్లటి నురగలో ఆండ్రోస్టినోన్ అనే పదార్థం ఉంటుంది. ఆ వాసన తగిలితే ఎదలో ఉన్న ఆడది చెవులు నిక్కించి రాయిలా నిలబడిపోతుంది. దీన్నే స్టాండింగ్ హీట్ అంటారు. ఎద 21 రోజులకోసారి వస్తుంది, రెండు మూడు రోజులుంటుంది. నిలబడటం మొదలైన మర్నాడు ఒకసారి, అర్ధరోజు నుంచి ఒక రోజు గడిచాక ఇంకోసారి దాటించడం మంచిది. చూలు కాలం 114 రోజులు. మూడు నెలల, మూడు వారాల, మూడు రోజులు అని గుర్తుపెట్టుకుంటే సులువు.

ఎండాకాలం తర్వాత చూలు నిలవడం లేదు. తప్పు ఆడవాటిదా, పోతుదా?

ఈ ప్రశ్న మన దగ్గర నుంచే ఎక్కువ వస్తుంది, రావాల్సిందే. నల్గొండలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. పందికి మనలా చెమట పట్టదు. వేడి పోగొట్టుకోవడానికి దానికి ఉన్న దారులు బురద, నీళ్లు, గస పెట్టడం. 30 డిగ్రీలు దాటిన వేడి రోజుల తరబడి తగిలితే పోతు విత్తులలో తయారయ్యే వీర్యకణాలు చెడిపోతాయి. అసలు చిక్కు ఏమిటంటే, ఒక వీర్యకణం తయారై బయటికి రావడానికి సుమారు ఆరేడు వారాలు పడుతుంది. మేలో తగిలిన దెబ్బ జూన్, జులైలో కూడా కనిపిస్తుంది. అప్పటికి వానలు పడి చల్లబడి ఉంటుంది, పోతు తిండి తింటుంది, హుషారుగా ఎక్కుతుంది. దాంతో అందరూ ఆడవాటినే అనుమానించి, మంచి తల్లుల్ని కోతకు అమ్మేస్తారు.

అలా అమ్మేముందు లెక్క చూడండి. ఒకే పోతుతో కట్టినవన్నీ తిరిగి 21 రోజులకు ఎదకొస్తున్నాయంటే అనుమానం పోతు మీదికే పోవాలి. ఒకటి రెండు మాత్రమే తిరిగి వస్తుంటే ఆడవాటిని చూడాలి. పశువైద్యుడి దగ్గర వీర్యం పరీక్ష చేయించవచ్చు. జ్వరం వచ్చి తగ్గిన పోతుకు కూడా ఇదే జరుగుతుంది.

వేసవిలో పోతును మంద కంటే ముందు కాపాడుకోవాలి. రేకుల షెడ్డు అయితే పైన వరిగడ్డి, కొబ్బరి మట్టలు పరిచి తడపండి. మధ్యాహ్నం గోనె పట్టాలు తడిపి పక్కలకు కట్టండి. నీళ్ల గుంట ఉంటే ఇంకా మంచిది. తాగే నీళ్లు ఎండలో ఉన్న పైపు నుంచి నేరుగా పోయొద్దు, చేయి పెట్టలేనంత కాగి ఉంటాయి. దాటించడం తెల్లవారుజామున చేయాలి. కరెంటు మోటారు సమయాలు ఎలా ఉన్నా పోతుకు సాయంత్రం ఒకసారి నీళ్లు కొట్టడం మానొద్దు.

బోర్ సెమెన్ దొరుకుతుందా? ఆవులకు వేసినట్టే వేయవచ్చా?

కృత్రిమ గర్భధారణ పందుల్లోనూ ఉంది. పద్ధతి వేరు. పాడి పశువులకు గోపాలమిత్ర తెచ్చే క్యానులో ద్రవ నత్రజని ఉంటుంది, వీర్యం గడ్డకట్టి ఏళ్ల తరబడి నిలుస్తుంది. పంది వీర్యకణం చలికి తట్టుకోలేదు. అందుకే దాన్ని గడ్డకట్టించకుండా ద్రవరూపంలో 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచి కొద్ది రోజుల్లోనే వాడేస్తారు. ఇంట్లో ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, అందులో పెడితే పాడైపోతుంది. ఒక్కో డోసు కూడా 80 నుంచి 100 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. చల్లదనం తప్పకుండా ఊరికి చేర్చగలిగితేనే ఉపయోగం. కొనేముందు తయారైన తేదీ అడగండి.

బోర్ టెయింట్ అంటే?

విత్తులు తీయని పోతు మాంసం వండినప్పుడు కొన్నిసార్లు వచ్చే ఘాటైన వాసన. పైన చెప్పిన ఆండ్రోస్టినోన్, పేగుల్లో పుట్టే స్కటోల్ కొవ్వులో చేరడం వల్ల వస్తుంది. మాంసానికి పెంచే మగ పిల్లలకు చిన్నప్పుడే విత్తులు తీసేది ఇందుకే. ఆ పని పశువైద్య సిబ్బందితో చేయించండి.

బ్రష్ మీద 'బోర్ బ్రిసిల్' అని ఉంది. అది పంది వెంట్రుకేనా?

అవును. తల దువ్వుకునే ఖరీదైన బ్రష్‌లకు, షేవింగ్ బ్రష్‌లకు, పెయింట్ బ్రష్‌లకు పంది గట్టి వెంట్రుకలు వాడతారు. మతం వల్లో, ఇష్టం వల్లో వద్దనుకునేవాళ్లు 'నైలాన్' లేదా 'సింథటిక్' అని రాసినది తీసుకోవాలి.

వేరే జంతువుల్లో మగవాటిని కూడా బోర్ అంటారా?

గినీ పిగ్, ఎలుగుబంటి, రకూన్, బ్యాడ్జర్ మగవాటినీ బోర్ అనే అంటారు, ఆడవాటిని సో అంటారు. అమెరికా వాళ్ల అడవి పుస్తకంలో 'గ్రిజ్లీ బోర్' అని కనిపిస్తే అది మగ ఎలుగుబంటి.

గుళ్లలో, చరిత్ర పుస్తకాల్లో బోర్ ఎందుకొస్తుంది?

వరాహావతారాన్ని ఇంగ్లిష్‌లో 'బోర్ ఇన్‌కార్నేషన్' అని రాస్తారు. ఇక్కడ పిగ్ అని రాయరు, రాయకూడదు. ఆ మాటకు ఇంగ్లిష్‌లో మురికి, తిండిపోతుతనం అనే నీచార్థం అంటుకుని ఉంది. బోర్‌కు అది లేదు, బలం, తెగువ గుర్తొస్తాయి. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు కట్టించిన బాదామి చాళుక్యుల రాజచిహ్నం వరాహమే. చరిత్ర పుస్తకంలో 'బోర్ క్రెస్ట్' లేదా 'బోర్ ఎంబ్లెమ్' అంటే అదే. కాకతీయుల ముద్రల్లోనూ వరాహం ఉంది. విజయనగర కాలపు బంగారు నాణేన్ని వరాహ అనే పిలిచారు. ఇంగ్లండులో 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో చనిపోయిన మూడో రిచర్డ్ రాజు గుర్తు కూడా తెల్లని బోరే.

స్వైన్ ఫీవర్ అడవి పందుల నుంచి మన పందులకు వస్తుందా?

వస్తుంది. క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది, వేయించండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వేరే జబ్బు. మన దేశంలో అది 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదట బయటపడింది. దానికి చికిత్స లేదు. మనుషులకు అంటదు, పందుల మందను మాత్రం తుడిచిపెట్టేస్తుంది. హోటళ్ల మిగులు తిండిని బాగా మరిగించకుండా పెట్టొద్దు. అడవి పంది తిరిగే చోట పెంపుడు పందుల్ని వదలొద్దు. ముఖ్యంగా ఆడవి ఎదకొచ్చిన రోజుల్లో దొడ్డి తలుపు గట్టిగా వేయాలి, అడవి మగది వాసన పట్టి దొడ్డి దాకా వస్తుంది.

ఇన్సూరెన్స్ ఫారంలో మా పోతును ఎలా వర్ణించాలి?

ఇంగ్లిష్‌లో అడిగితే ఈ వరసలో రాయండి: ముందు 'బోర్', తర్వాత జాతి, ఉదాహరణకు 'క్రాస్‌బ్రెడ్ లార్జ్ వైట్ యార్క్‌షైర్', తర్వాత వయసు నెలల్లో, రంగు, 'ఇంటాక్ట్', ఆపైన చెవి ట్యాగ్ నంబరు. ఇంటాక్ట్ అంటే విత్తులు తీయలేదని. మాంసానికి పెంచే మగవాటిని అదే ఫారంలో 'బారో' అని వేరే వరసలో రాయండి, రెండింటి విలువా ఒకటిగా చూపించొద్దు. ట్యాగ్ ఊడిపోతే ఆ రోజే కొత్తది వేయించి, పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసి బీమా వాళ్లకు తెలపండి. చెవికి ట్యాగ్ కనిపించేలా, పక్క నుంచి మొత్తం పంది కనిపించేలా రెండు ఫొటోలు ఫోన్‌లో ఉంచుకోండి.